పూజలో లేని కత్తి

"కత్తి యాడ పెట్టినావు?"

"బియ్యం డబ్బా వెనకాల."

"పాప చేతికి అందేచోటా?"

"అందదుంగ. మీరు సుమ్మా పండుకోండి."

నాకూ నా మొగుడికీ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవి. కోయంబత్తూరు ఆసుపత్రిలో, ఆయన్ని చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయే ముందు. ఎడమచేతి బొటనవేలు తీసెయ్యాలన్నారు. తీసేశారు. తర్వాత ఆయన కళ్ళు తెరిచాడు గానీ మాట రాలేదు. మూడో రోజు పోయాడు. నలభై ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషి పోతూ పొలం గురించి అడగలేదు, కొడుకు గురించి అడగలేదు. కత్తి గురించి అడిగాడు.

నాకు చదువు రాదు. చిన్నమనూరులో పుట్టాను, ద్రాక్షతోటల పక్కన. రెండో క్లాసు దాకా తమిళబడికి పోయాను, ఆ తర్వాత తోటలోకే పోయాను. పెళ్ళై ఇటు వచ్చాక సంతకం నేర్చుకున్నాను, అదీ తమిళంలో. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే, తాతల నాటి నుంచీ అదే, నడుమ నడుమ తమిళం మాటలు దొర్లినా. కానీ తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నా కొడుక్కూ రావు. కోడలు చిత్తూరు వైపు పిల్ల, ఆ పిల్లకు వచ్చు. నేను చెప్తుంటే ఇప్పుడు రాస్తున్నది ఆమే. సాయంత్రం నా కొడుకు పని నుంచి వచ్చాక, కూర్చోబెట్టి ఇది వాడికి చదివి వినిపించాల్సిందీ ఆమే.

నేనే ఎందుకు చెప్పకూడదు? నాలుగేళ్ళుగా నోరు తెరుస్తూనే ఉన్నాను. తెరిచినప్పుడల్లా "కాఫీ తాగుతావా నాయనా" అనే వస్తోంది.

వాడు నాలుగేళ్ళుగా ఒకటి నమ్ముతున్నాడు. తాను కొనిచ్చిన కత్తే తన తండ్రి ప్రాణం తీసిందని. అది నిజం కాదు. నిజం కాదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే వాడు ఆ అబద్ధంతోనే ముసలివాడవుతాడు. అందుకని చెప్తున్నాను.

మా ఇల్లు అవినాశికి కాస్త అవతల. నాలుగు ఎకరాలు, బోరు, ముప్పై కొబ్బరిచెట్లు. ఈ ఇంట్లో ఇప్పుడు కూర తరగడానికి కత్తి లేదు. కత్తిపీట లేదు. బెండకాయలు కత్తెరతో కత్తిరిస్తాం. మునక్కాయలు చేత్తో విరుస్తాం. ఉల్లిపాయలు గుడ్డలో మూటకట్టి రోకలితో చితక్కొడతాం. కొబ్బరికాయ మెట్టుకు కొట్టి, లోపలి ముక్కను చెంచా తోకతో పెకలిస్తాం. గుమ్మడికాయ ఈ గడప దాటి లోపలికి రావడం మానేసింది. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో తరిగిన కూరగాయలు ప్యాకెట్లలో అమ్ముతారు, నా కొడుకు వారానికొకసారి తెస్తాడు, రెండో రోజుకే అవి నీరు కారతాయి. చుట్టాలెవరైనా మామిడిపండ్లు తెచ్చి, "రెండు కోసి పెట్టు అక్కా" అంటే నేనూ కోడలూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. వాళ్ళు పోయేదాకా ఆ పండ్లు అట్లాగే ఉంటాయి.

నా కొడుకు తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పని చేస్తాడు. పదిహేనేళ్ళు కటింగ్ సెక్షన్‌లో ఉన్నాడు. వంద పొరల గుడ్డను ఒక్కసారిగా కోసే మిషిన్ మీద. ఎడమచేతికి ఇనుప గొలుసులతో అల్లిన తొడుగు వేసుకునేవాడు. తండ్రి పోయాక ఆ పని వదిలేసి ప్యాకింగ్‌లోకి మారాడు. అట్టపెట్టెలకు టేపు అంటిస్తాడు. ఎందుకు మారావని కంపెనీలో అడిగితే నడుం నొప్పి అన్నాడట. వాడికి నడుం నొప్పి లేదు.

ఇక మొదటి నుంచి చెప్తాను. వాడికి రెండేళ్ళప్పటి మాట. నేను నేల మీద కూర్చుని సొరకాయ తరుగుతున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కత్తి అక్కడే పెట్టి లేచాను. పాలు దించి వెనక్కి తిరిగేసరికి వాడు కత్తిని పిడి వైపు కాదు, అంచు వైపు గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. ఏడవలేదు. ఆశ్చర్యంగా చూస్తున్నాడు. గుప్పిట సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారింది.

మా అత్త పరిగెత్తుకొచ్చింది. ముందు వాణ్ణి ఎత్తుకుంది, తర్వాత నా మీద పడింది.

"పిల్లోడుండే ఇంట్లో ఇంత పదునేమిటికే? తల్లివా, కసాయిదానివా?"

ఆ పదును పెట్టింది నేను కాదు, ఆమె కొడుకు. ఆ మాట నేను అనలేదు. కత్తి నేల మీద వదిలింది మాత్రం నేనే కదా. ఆ సాయంత్రం వాకిట్లో ఎవరూ లేనప్పుడు ఆ కత్తి తీసుకుపోయి, రుబ్బురోలు అంచు మీద అడ్డంగా రెండుసార్లు ఈడ్చాను. పళ్ళు కొరికిన చప్పుడు వచ్చింది. పదును చచ్చింది. వేలితో రాసి చూసుకున్నాను, వేలు తెగలేదు. ఇక నా బిడ్డకు ఏమీ కాదనుకున్నాను.

ఆ రోజు పట్టిన అలవాటు నన్ను ముప్పై ఏళ్ళకు పైగా వదల్లేదు.

నా మొగుడికి పదునంటే ప్రాణం. వాకిట్లో కుళాయి పక్కన ఒక సానరాయి ఉంది, ఇప్పటికీ ఉంది. నెలకొకసారి పొద్దున్నే దాని ముందు గొంతుకూర్చునేవాడు. నీళ్ళు చిలకరించి, కత్తి వీపు కింద రెండు వడ్లగింజలు పట్టేంత సందు ఉంచి ముందుకు తోసేవాడు. ఈ వైపు పది, ఆ వైపు పది. ఆఖరున ఎడమ బొటనవేలి గోరు మీద అంచు ఆనించి చూసేవాడు. జారితే మళ్ళీ రాయి మీదికి. గోరును పట్టుకుని నిలిస్తే, "ఆమా, ఇప్పుడు వచ్చింది" అనేవాడు. లేచి నడుం విరుచుకుని పొలానికి పోయేవాడు. ఆయన కొబ్బరిచెట్లు దాటేదాకా చూసి, నేను కత్తి తీసుకుని రుబ్బురోలు దగ్గరికి పోయేదాన్ని.

ఆయనకు అంతుపట్టేది కాదు. కత్తి అమ్మిన కమ్మరివాణ్ణే తిట్టుకునేవాడు. ఒక ఏడాది అవినాశి తేరు తిరునాళ్ళ నాడు, అంగళ్ళ మధ్య ఆ కమ్మరివాడు కొడవళ్ళు పరుచుకుని కూర్చున్నాడు. ఈయన నేరుగా పోయి నిలబడ్డాడు.

"ఏమయ్యా, నువ్వు అమ్మింది ఇనుమా, తగరమా? పది దినాలు నిలవలేదే పదును!"

"సామీ, నా ఇనుము మీద నింద వేయొద్దు. మీ ఇంట్లో ఎవరో పదును తింటాండారు. ఎలక ఉండాదేమో చూసుకోండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆయన "ఇనుము తినే ఎలకంట!" అనుకుంటూ తల ఊపుతూనే ఉన్నాడు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నేను ఆయన ముఖం చూడలేకపోయాను.

మొండికత్తితో కూర తరగడం ఎంత కష్టమో నాకే తెలుసు. టమాటా కోస్తే నలిగేది. వంకాయ మీద ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కాలి. నా వేళ్ళ మీద చిన్నచిన్న గాట్లు లెక్కలేనన్ని. నొక్కితే జారుతుంది, జారితే తగులుతుంది. అయినా నాకు అర్థం కాలేదు. తెగింది నా వేలే కదా, బిడ్డ వేలు కాదు కదా అనుకునేదాన్ని. బిడ్డ పెద్దవాడయ్యాడు, ఉద్యోగానికి పోయాడు, పెళ్ళి చేసుకున్నాడు. నేను మాత్రం పదును చంపుతూనే ఉన్నాను. తర్వాత మనవరాలు పుట్టింది. అప్పుడు ఇంకో సాకు దొరికింది.

నా కొడుకు ఆ కత్తి కొనింది నా కోసమే. నేను కాకరకాయతో కుస్తీ పట్టడం చూడలేక. ఆర్.ఎస్. పురంలో పెద్ద అంగడికి పోయి, అట్టపెట్టెలో పెట్టిన స్టీలు కత్తి తెచ్చాడు. వాడి తండ్రి ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమిరా, కత్తికి పల్లకీనా? పెళ్ళికూతురా ఇది?"

"చూసి పట్టుకో నాయనా. మన కమ్మరి కత్తి మాదిరి కాదు."

ఆయన గోరు మీద పెట్టి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఓ, ఇదీ కత్తి! దీంతో నీ యమ్మ నోరు కూడా కోయొచ్చు."

"కోయండి కోయండి," అన్నాను. "రేపు కాఫీ ఎవురు పెడతారో చూస్తాను."

ఆ రోజు వాడు నా పక్కన నేల మీద కూర్చుని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. కూర తరిగే పలక కింద తడిగుడ్డ పరవాలి, పలక కదలదు. గుండ్రటి కాయను ముందు రెండు చెక్కలు చేసి, చదునైన వైపు కిందికి పెట్టి తరగాలి. సింకులో గిన్నెల కింద కత్తి వేయకూడదు. చేతిలోంచి జారితే పట్టుకోబోకూడదు, కాళ్ళు వెనక్కి తీసుకోవాలి.

"మొండికత్తిని మాత్రం నమ్మొద్దు అమ్మా. మా కంపెనీలో బ్లేడు మొద్దుబారితే మిషిన్ నిలిపేస్తాం. మొద్దు బ్లేడు గుడ్డను కోయదు, లాగుతుంది. గుడ్డతో పాటే చెయ్యిని కూడా లాగుతుంది."

నేను తల ఊపాను. మొన్ననే రుబ్బురోలు మీద ఈడ్చిన పాతకత్తి గూట్లో ఉంది. వాడు చెప్పింది నేను విన్నాను. విని, చిన్నప్పటి మచ్చ ఉన్న వాడి కుడి అరచేతినే చూస్తూ కూర్చున్నాను.

అది జరిగిన రెండు నెలలకు ఆయుధపూజ వచ్చింది.

మా ఇళ్ళల్లో ఆయుధపూజ నాడు పదునున్న వస్తువు ఏదీ ముట్టకూడదు. పొద్దున్నే కొడవళ్ళు, పారలు, గడ్డపార, కత్తిపీట, కత్తులు అన్నీ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, అరిటాకు మీద అమ్మవారి ముందు పరుస్తాం. మరునాడు పొద్దున హారతి ఇచ్చాకే మళ్ళీ చేతిలోకి తీసుకోవడం. ఆ ఒక్క రోజుకు కావలసిన కూరలు ముందు రోజే తరిగిపెట్టుకుంటాం. "పడుకున్న ఇనుమును లేపితే అది నెత్తురు అడుగుతుంది," అనేవాడు మా మామ.

ఆ ఏడు కొడుకు తెచ్చిన కొత్తకత్తిని ఆయన ఆకు మధ్యలో పెట్టాడు. దానికి మూడు బొట్లు పెట్టాడు. పాతకత్తిని నేను పెట్టలేదు. కొత్తది వచ్చాక ఆయన దాన్ని సానపట్టలేదు, అంచు నిండా నేను చేసిన గంట్లు అట్లాగే ఉన్నాయి. బొట్టు పెట్టుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు చూస్తారు, ఆయన చూస్తాడు. సిగ్గేసింది. తీసి బియ్యం డబ్బా వెనకాల పెట్టాను.

నా కొడుకు ఇంట్లో లేడు. కంపెనీలో మిషిన్లకు పూజ, పొద్దున్నే పోయాడు. కోడలు పాపను తీసుకుని పుట్టింటికి పోయి ఉంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

పూజ అయింది. గడప ముందు దిష్టికి బూడిద గుమ్మడికాయ కొట్టాలి. దానికి పైన కన్నం చేసి, లోపల కుంకుమ, సున్నం నింపి, పైన కర్పూరం వెలిగించి పగలగొట్టాలి. ఆ కన్నం పొద్దున్నే, కత్తులు పూజలో పెట్టకముందే చేసి ఉంచుకుంటాం ప్రతిసారీ. ఆ రోజు పొద్దున బోరు మోటారు చూడటానికి మనిషి వచ్చాడు, ఆ మాటల్లో ఆయన మరిచిపోయాడు. కాయ చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది.

"ఏమే, కాయకి కన్నం పెట్టలేదే!"

"అయ్యో. ఇప్పుడేమి చేసేదింగ?"

"పాతకత్తి యాడుండాది? ఆకులో కనపళ్ళే."

"అది కూడా కత్తే కద. ఈ దినం పట్టకూడదు."

"పూజలో పెట్టలేదు కద, అది లెక్కలోకి రాదు. తే. మంచి గడియ పోతాండాది."

నేను తెచ్చాను. చేతి నుంచి చేతికి కత్తి ఇవ్వకూడదని నేల మీద పెట్టాను. ఆయన వంగి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ గోరు మీద ఆనించాడు. అంచు గోరు మీద జారిపోయింది. అంచును వెలుగుకు ఎత్తి చూశాడు. గంట్లన్నీ ఒకే వాలులో ఉన్నాయి. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు.

ఎంతసేపు చూశాడో చెప్పలేను. కాయ మీదికి వంగాడు.

కాయ కడిగి తెచ్చింది, తడిగా ఉంది. గచ్చు నున్నగా ఉంది. ఎడమచేత్తో కాయను అదిమిపట్టి, కత్తి మొనను తొడిమ పక్కన పెట్టి, ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. కత్తి దిగలేదు. ఇంకా నొక్కాడు. కాయ దొర్లింది. కత్తి ఆ బూడిద తోలు మీద జర్రున జారి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

కేక వేయలేదు. "ఒన్నుమిల్లె," అన్నాడు, ఏమీ కాలేదని. ఆ చేత్తోనే మళ్ళీ కాయ పట్టుకుని, ఎట్లాగో కన్నం చేసి, కుంకుమ, సున్నం కూరాడు. ఆ ఎరుపులో ఏది కుంకుమో ఏది నెత్తురో నాకు తెలియలేదు. కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పి గడప ముందు కొట్టాడు. నాలుగు చెక్కలై పడింది. ఎదురింటి ఆడవాళ్ళు చూస్తున్నారు.

"బాగా పగిలింది అన్నా! దిష్టంతా పోయింది పోండి!"

ఆయన నవ్వాడు, చెయ్యి పంచె మడతలో దాచుకుని.

లోపలికి వచ్చాక పసుపు, సున్నం కలిపి పెట్టి గుడ్డ కట్టాను. అప్పుడు ఆ మాట అన్నది నేనే.

"ఈ దినం తెగింది అనొద్దుంగ. పూజనాడు కత్తి పట్టినారంటే ఊరంతా నోట్లో వేసుకుంటారు. రేపు తెగింది అందాం."

"ఏ కత్తితో అంటావు?"

"కొత్తకత్తి. కొబ్బరి కోస్తాంటే అందాం."

పాతదంటే ఆ గంట్లు కొడుకు చూస్తాడని నాకు సిగ్గేసింది. ఆయన కట్టు వైపు చూసుకున్నాడు. "సరి," అన్నాడు.

సాయంత్రం కొడుకు కంపెనీలో పంచిన బొరుగులు, శనగపప్పు సంచి నిండా తెచ్చాడు. ఆయన తువ్వాలు కింద చెయ్యి పెట్టుకుని కుడిచేత్తో బొరుగులు తిన్నాడు. మరునాడు మధ్యాహ్నం కొడుక్కు చూపించాం. కొత్తకత్తి అని చెప్పింది నేను. వాడి ముఖం పాలిపోయింది.

"నేను చెప్పినా కద నాయనా. ఎన్నిసార్లు చెప్పినా. పదా, డాక్టరు దగ్గరికి పోదాం."

"పోరా. గాటుకంతా డాక్టరా? మట్టి రాసుకుని పెరిగినోణ్ణి."

ఆయనకు షుగర్ పదేళ్ళుగా ఉంది. నాలుగో రోజుకు వేలు ఉబ్బింది. ఏడో రోజుకు నల్లబడింది, జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను అడిగాడు, ఏ కత్తమ్మా, తుప్పు పట్టిందా, ఎప్పుడు తెగింది అని. నా కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. "కొత్త స్టీలు కత్తి," అన్నాను. రోజు కూడా ఒకటి తగ్గించి చెప్పాను. నిజం చెప్పి ఉంటే వేరే మందు ఇచ్చేవారా, బతికేవాడా, నాకు తెలియదు. చాలా రోజుల తర్వాత ఒక నర్సమ్మను మెల్లగా అడిగాను. షుగర్ ముదిరినవాళ్ళకు ఏ గాయమైనా ఒకటేనమ్మా అంది. ఆమె మంచి మనిషి, అందుకే అట్లా అని ఉంటుంది.

వేలు తీయడానికి సంతకం పెట్టింది నా కొడుకు.

శవం ఇంటికి వచ్చిన రోజు, వాకిట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. వాడు చెంబుతో అందరికీ నీళ్ళు ఇస్తున్నాడు. ఒక ముసలామె నోరు అదుపులో పెట్టుకోలేదు.

"కొడుకు కొనిచ్చిన కత్తేనంట. ప్రేమతో తెస్తే యముడై కూచుండాది చూడు."

వాడి వీపు నాకు కనిపిస్తోంది. నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగింది, మళ్ళీ పోసింది. ఆ క్షణంలో నేను లేచి నిలబడి ఒక్క మాట చెప్పాల్సింది. ఆ కత్తి ఆ రోజు అమ్మవారి ముందు మూడు బొట్లతో పడుకుని ఉంది, అది ఎవరినీ కోయలేదు అని. నేను చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అందరూ మొగుడి కోసం ఏడుస్తున్నాననుకున్నారు. మొదట పూజ చెడిందని చెప్పడానికి భయపడ్డాను. ఆ తర్వాత ఆ ఇనుము తిన్నది నేనేనని చెప్పడానికి భయపడ్డాను.

పదహారో రోజు కాగానే వాడు కొత్తకత్తిని కంపెనీకి తీసుకుపోయి, ఇనుప పట్టులో బిగించి, మూడు ముక్కలు చేశాడట. కత్తిపీట, మిగతా కత్తులు అన్నీ ఇనుప సామాన్లవాడికి వేశాడు. బియ్యం డబ్బా వెనకాల చూడాలని వాడికి తోచలేదు.

అప్పటి నుంచి ఆయన ఈ ఇంటిని వదల్లేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మధ్యాహ్నం పూట, అందరూ పనులకూ బడికీ పోయాక, వాకిట్లో రాయి మీద చప్పుడు వినిపిస్తుంది. సర్... సర్... ఈ వైపు పది. ఆగి, ఆ వైపు పది. నేను పొయ్యి దగ్గర కూర్చుని లెక్కపెడతాను. తర్వాత నిశ్శబ్దం. అదే భరించలేను. గోరు మీద పెట్టి చూసే సమయం అది. ఆ వేలు మేము ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చాం. వేలు లేకుండా ఒళ్ళు కాల్చాం. పదును వచ్చిందో లేదో ఆయనకు ఎట్లా తెలుస్తుంది? తెలియదు. అందుకే మళ్ళీ మొదలుపెడతాడు. సర్... సర్... బయటికి పోయి చూస్తే ఎవరూ ఉండరు. రాయి మాత్రం తడిగా ఉంటుంది. కుళాయి కారుతుంది, అందుకే తడి అంటాడు నా కొడుకు. కుళాయి కారే మాట నిజమే.

ఇంకా ఎన్నాళ్ళు ఓర్చుకునేదాన్నో తెలియదు. పోయిన వారం జరిగింది చూసి ఆగలేకపోయాను.

కోడలికి ఎవరో సగం పనసకాయ ఇచ్చారు. కత్తెరతో కాలేదు. అట్టపెట్టెలు కోసే బ్లేడు ముక్క ఒకటి ఎక్కడో దాచుకుని ఉంది, పిడి కూడా లేదు, గుడ్డ చుట్టి పట్టుకుని కోయబోయింది. అరచెయ్యి తెగింది. సాయంత్రం మొగుడు అడిగితే, నేను వంటింట్లోంచి విన్నాను.

"చేతికేమైంది?"

"తలుపు సందులో పడింది. ఏం లేదు."

ఆ గొంతు నాది. ఆ పిల్ల నోట్లోంచి నేను మాట్లాడుతున్నాను.

మరునాడు మధ్యాహ్నం నేను బియ్యం డబ్బా జరిపాను. కత్తి అక్కడే ఉంది, సాలెగూడు పట్టి, తుప్పెక్కి. పిడి దగ్గర నల్లటి మరక. తీసుకుపోయి రాయి ముందు కూర్చున్నాను. నీళ్ళు చల్లి, ఆయన పెట్టినట్టే పెట్టి తోశాను. నాకు చేత కాలేదు. వీపు ఎక్కువ ఎత్తితే రాయిని కొరుకుతోంది, తక్కువైతే ఊరికే జారుతోంది. ముప్పై ఏళ్ళు చంపడం నేర్చుకున్నాను, బతికించడం ఒక్కసారీ నేర్చుకోలేదు. ఎదురుగా ఎవరో గొంతుకూర్చుని నా చేతుల వైపు చూస్తున్నట్టు ఉంది. తల ఎత్తలేదు. ఎత్తితే ఆ రోజు చూసిన చూపే ఉంటుందని భయం. "తెలిసిందా మీకు?" అని అడిగాను. "ఆ దినమే తెలిసిందా?" కుళాయి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

కోడలు వెనక నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"అత్తా, ఎవరితో మాట్లాడతా ఉండారు? ఆ కత్తి యాడిది?"

"నీకు తెలుగు రాయను వచ్చు కద," అన్నాను.

అట్లా మొదలైంది ఇది. ఈ పొద్దున కూర్చున్నాం. పూజ దగ్గరికి వచ్చేసరికి ఈ పిల్ల రాయడం ఆపి పెన్ను కింద పెట్టింది.

"అత్తా, ఇది నేను రాయాలా? ఆయన వింటే..."

"వినాలనే."

"మిమ్మల్ని ఏమన్నా అంటే?"

"అననీ. నాలుగేళ్ళు తనను తానే అనుకున్నాడు కద, ఇంక నన్ను అననీ."

ఏడ్చింది. కాసేపటికి పెన్ను తీసుకుంది. తల్లీ, నీ చేతి గాయం సంగతి కూడా రాశావు కదా, కొట్టెయ్యకు. వాడు నిన్ను కోప్పడడు. కోప్పడితే నేను చూసుకుంటాను.

వాడు ఆరు గంటల బస్సుకు దిగుతాడు. వచ్చి కాళ్ళు కడుక్కుంటాడు, పాప బడిలో ఏం చెప్పారో అడుగుతాడు. ఈ రోజు కాఫీ నేను పెట్టను, నువ్వే పెట్టు. పాపను ఎదురింటికి పంపించు. వాణ్ణి కూర్చోబెట్టు. నేను ఎదురుగానే కూర్చుంటాను, లోపలికి పోను. చదివాక వాడు నన్ను చూస్తాడు. ఏ చూపు చూసినా నేను తల దించుకోను. లేచి బయటికి పోతే పోనివ్వు, వెనక పరిగెత్తకు. తిరిగి వస్తాడో, వచ్చినా నాతో మాట్లాడతాడో, నాకు తెలియదు. ఈ ఇంట్లో అన్నం తింటాడో లేదో కూడా తెలియదు. కానీ ఆ కత్తి కొన్నందుకు తాను పాపిని కాదని వాడికి ఈ రోజు తెలియాలి.

ఇంకా టైం ఉంది. ముందు నాకు చదివి వినిపించు తల్లీ. నాలుగేళ్ళు అబద్ధం చెప్పిన నోరు ఇది, దీన్ని నేనే నమ్మను. ఎక్కడైనా నా తప్పును మెత్తగా చెప్పినట్టు అనిపిస్తే అక్కడ ఆగి చెప్పు, మార్చి చెప్తాను. మెల్లగా చదువు. నా చెవికి అందేట్టు చదువు.